గుండ్రటి కణాల నుంచి సెకండ్ హార్మోనిక్: ఎందుకు వస్తుంది, ఎదురుగా చూస్తే ఎందుకు కనిపించదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నీళ్లలో కలిపిన పాలిస్టైరీన్ గోళాలున్నాయి, 800 నానోమీటర్ల ఫెమ్టోసెకండ్ లేజర్ ఉంది, 400 దగ్గర పుట్టే వెలుగు, అంటే లేజర్‌కు రెట్టింపు పౌనఃపున్యం ఉండే సెకండ్ హార్మోనిక్ కోసం చూస్తున్నారు. కేంద్ర సౌష్ఠవం ఉన్న, అంటే ఎదురెదురు దిశల మధ్య తేడా లేని పదార్థం సెకండ్ హార్మోనిక్ ఇవ్వదని ఎమ్మెస్సీలో చదువుకున్నాం కదా, మరి పేపర్లలో ఎలా వస్తోంది అన్నది మొదటి సందేహం. డిటెక్టర్‌ను లేజర్ దారిలోనే ఎదురుగా పెడితే ఏమీ రాలేదన్నది రెండోది. పక్కకి జరిపాక 100 నానోమీటర్ల వ్యాసం గోళాలతో కాస్త కనిపించి, 50కి మారగానే మాయమైందన్నది మూడోది. చివర్లో, గోళం కాంతిని ఎలా చెదరగొడుతుందో చెప్పే మామూలు మై సిద్ధాంతం సరిపోతుందా, వీటి బదులు బంగారు కణాలు వాడుకుంటే సుఖమా అని కూడా అడిగారు.

మొదటి మూడింటికీ మూలం ఒకటే. మీ క్యువెట్ (ద్రావణం పోసే చిన్న గాజు పాత్ర) లోంచి వచ్చేదాన్ని అందరూ ‘ఉపరితలపు సిగ్నల్’ అంటారు. అది తప్పు కాదు గాని, ఆ మాట పట్టుకుని లెక్క వేస్తే దారి తప్పుతాం. గోళం ఉపరితలం మీద ఎదురెదురుగా ఉన్న భాగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ రద్దు పూర్తి కాకపోవడం వల్ల మిగిలిన కొంచెమే మీ డిటెక్టర్‌కు చేరుతుంది. ఎంత మిగులుతుంది, ఏ దిక్కున మిగులుతుంది అని అడుగుతూ పోతే మీరు చూసినవన్నీ వాటంతట అవే వస్తాయి.

ముందు సౌష్ఠవం సంగతి. కాంతి బాగా తీవ్రంగా ఉన్నప్పుడు పదార్థంలోని ఎలక్ట్రాన్ల స్పందన విద్యుత్ క్షేత్రానికి అచ్చంగా అనులోమంగా ఉండదు. క్షేత్రం వర్గానికి అనులోమంగా ఉండే చిన్న భాగం కూడా తోడవుతుంది. రెట్టింపు పౌనఃపున్యంలో ఊగేది ఆ భాగమే. ఇప్పుడు క్షేత్రం దిశను తిరగేయండి, వర్గం మారదు కాబట్టి స్పందన మారకూడదు. కాని కుడి ఎడమలు, కింద మీదలు తేడా లేని పదార్థంలో క్షేత్రం తిరగబడితే స్పందన కూడా తిరగబడాల్సిందే. మారకుండానూ, తిరగబడీ ఉండగలిగేది సున్నా ఒక్కటే. పాలిస్టైరీన్, గాజు, నీరు, బంగారం అన్నీ ఈ కోవలోవే. డైపోల్ స్థాయి వరకే, అంటే ధన, రుణావేశాలు ఒకే దిశలో అటూ ఇటూ ఊగే సాదా స్పందన వరకే ఈ నిషేధం వర్తిస్తుంది. క్షేత్రం ఒక చోటికీ మరో చోటికీ మారే తీరు నుంచి పుట్టే క్వాడ్రపోల్ తరహా స్పందన లోపలి పదార్థంలో కూడా కొద్దిగా ఉంటుంది. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఉపరితలం దగ్గర మాత్రం ఒక వైపు ప్లాస్టిక్, మరో వైపు నీరు. లోపలి దిశా బయటి దిశా ఒకటి కావు, సౌష్ఠవం తెగిపోయింది, సెకండ్ హార్మోనిక్ పుట్టవచ్చు. సమతలంగా ఉన్న గాజు పలక అయితే కథ ఇక్కడితో ముగిసేది. గోళంలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గోళం మీద ఒక చిన్న మచ్చను తీసుకుంటే, దానికి సరిగ్గా ఎదురుగా అవతలి వైపు ఇంకో మచ్చ ఉంటుంది. అక్కడ ‘బయటికి’ అనే దిశ తలకిందులు. రెండింటి మీదా క్షేత్రం వర్గం ఒకటే, స్పందనలు మాత్రం వ్యతిరేక దిశల్లో ఉంటాయి. కణం తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నదైతే రెండూ ఒకే క్షణంలో ఊగి కొట్టేసుకుంటాయి. అంటే గోళానికి ఉపరితలం ఉన్నా, మొత్తంగా చూస్తే గోళం కూడా కేంద్ర సౌష్ఠవం ఉన్న వస్తువే. నిషేధం మళ్లీ వెనకదారిన వచ్చినట్టయింది.

బతుకమ్మ చుట్టూ వలయంగా నిలబడి ఆడేవాళ్లను ఊహించుకోండి. అందరూ ఒకేసారి లోపలికి వంగితే ఎవరి వంపును వాళ్ల ఎదుటివాళ్ల వంపు సరిచేస్తుంది, వలయం మొత్తానికి ఒక దిశ అంటూ ఉండదు. వలయం చాలా పెద్దదై, పాట ఒక అంచు నుంచి రెండో అంచుకు కాస్త ఆలస్యంగా చేరితే, ఇవతలివాళ్లు వంగినప్పుడు అవతలివాళ్లు ఇంకా వంగి ఉండరు. ఆ క్షణాన వలయానికి ఒక దిశ వచ్చేస్తుంది. మన గోళంలో ఆ పాట లేజర్ తరంగం, ఆ ఆలస్యం ఫేజ్ తేడా, అంటే ఊపులో ముందువెనకల తేడా.

ఆ తేడా ఎంతో లెక్క కట్టండి. నీటిలో 800 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 600. వ్యాసం 50 నానోమీటర్లయితే అది తరంగంలో పన్నెండో వంతు, అంటే 30 డిగ్రీలు. సెకండ్ హార్మోనిక్ స్పందన క్షేత్రం వర్గం కాబట్టి ఫేజ్ కూడా రెట్టింపై 60 డిగ్రీలవుతుంది. 20 నానోమీటర్ల కణానికి ఇది 24 డిగ్రీలకు పడిపోతుంది. చిన్న కణాల్లో రద్దు దాదాపు సంపూర్ణం అనడం అందుకే.

ఇక పరిమాణం మీద ఆధారపడే తీరు. స్పందించే ఉపరితల వైశాల్యం వ్యాసార్ధం వర్గంతో పెరుగుతుంది. అందులో రద్దు కాకుండా మిగిలే వాటా, వ్యాసార్ధానికీ తరంగదైర్ఘ్యానికీ ఉన్న నిష్పత్తితో పెరుగుతుంది. రెండూ గుణిస్తే తరంగ పరిమితి (యాంప్లిట్యూడ్) వ్యాసార్ధం ఘనంతో, తీవ్రత ఆరో ఘాతంతో పెరుగుతాయి. చిన్న కణాలు రంగు మార్చకుండా కాంతిని చెదరగొట్టే మామూలు రాలీ స్కాటరింగ్‌లోనూ ఆరో ఘాతమే వస్తుంది గాని అక్కడ కారణం వేరు: కణం ఘనపరిమాణం మొత్తం స్పందిస్తుంది. ఇక్కడ ఉపరితలం, ఆలస్యం కలిసి అదే అంకెను ఇచ్చాయి. తేడా చూడాలంటే రంగు వైపు చూడాలి. మామూలు రాలీ స్కాటరింగ్ పౌనఃపున్యం నాలుగో ఘాతంతో పెరిగితే, పదార్థపు స్పందన రంగుతో మారదనుకున్నప్పుడు ఇది ఆరో ఘాతంతో పెరుగుతుంది. ఆ అదనపు రెండు ఘాతాలూ ఆలస్యం నుంచి వచ్చినవే.

మీ 100, 50 నానోమీటర్ల సంగతికి ఇది నేరుగా వర్తిస్తుంది. కణానికి కణం పోలిస్తే సిగ్నల్ 64 రెట్లు పడాలి. రెండు సీసాల్లోనూ బరువు శాతం ఒకటే అయితే, 50 నానోమీటర్ల సీసాలో కణాల సంఖ్య ఎనిమిది రెట్లు ఎక్కువ. వేర్వేరు కణాల నుంచి వచ్చే వెలుగుల మధ్య స్థిరమైన ఫేజ్ సంబంధం ఉండదు కాబట్టి తీవ్రతలు మామూలుగా కూడతాయి, నికరంగా 8 రెట్లే తగ్గాలి. మీరు ఏది సమానంగా ఉంచారో రాయలేదు. కణాల సంఖ్య సమానంగా ఉంచి ఉంటే, సిగ్నల్ నీటి సొంత వెలుగు కిందికి మునిగిపోవడంలో వింతేమీ లేదు.

నీటికి సొంత వెలుగేమిటి అంటారేమో. ద్రవంలో ఒక్కో నీటి అణువుకూ కేంద్ర సౌష్ఠవం లేదు. అణువులు ఎటుబడితే అటు తిరిగి ఉన్నా, వాటి నుంచి బలహీనంగా రెట్టింపు పౌనఃపున్యపు వెలుగు అన్ని దిక్కులకూ వస్తుంది. దీన్ని హైపర్ రాలీ స్కాటరింగ్ అంటాం. 1965లో టెర్‌హ్యూన్, మేకర్, సావేజ్ దీన్ని ద్రవాల్లో చూపించారు. వాళ్లు పనిచేసింది ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధనశాలలో, లేజర్ పుట్టి అప్పటికి ఐదేళ్లే. 1991లో క్లేస్, పెర్సూన్స్ దాన్ని ద్రావణంలోని అణువుల హైపర్‌పోలరైజబిలిటీ (రెట్టింపు పౌనఃపున్యపు వెలుగు ఇచ్చే సామర్థ్యం) కొలిచే పద్ధతిగా మలిచారు. మీకు మాత్రం అది తీసేయాల్సిన నేపథ్యం, అంతే.

ఇప్పుడు డిటెక్టర్ ఎదురుగా పెట్టడం. మిగిలే ఫేజ్ తేడా ఎటు చూస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. గోళం వెనక అంచు లేజర్‌ను ఆలస్యంగా అందుకుంటుంది. కాని ఆ అంచు ఎదురుగా ఉన్న డిటెక్టర్‌కు అంతే దగ్గర. పోగొట్టుకున్న ఫేజ్ దారిలో తిరిగి దొరుకుతుంది, రెండు అంచుల వెలుగులూ డిటెక్టర్ దగ్గర మళ్లీ సరిగ్గా ఎదురుపడి రద్దవుతాయి.

దీన్ని చూసి “మరి లేజర్ వచ్చిన వైపుకే తిరిగి చూస్తే ఆ సర్దుబాటు ఉండదుగా, అక్కడ రావాలిగా” అని చాలామంది అడుగుతారు. అక్కడా రాదు. కారణం ఇంకా గట్టిది, లెక్క కూడా అక్కర్లేదు. లేజర్ దారిని అక్షంగా తీసుకుని మొత్తం వ్యవస్థను 180 డిగ్రీలు తిప్పండి. గోళం మారదు. క్షేత్రం దిశ తిరగబడుతుంది, దాని వర్గం మాత్రం అలాగే ఉంటుంది. అంటే అక్షం వెంట పుట్టే సెకండ్ హార్మోనిక్ క్షేత్రం మారకూడదు. కాని అక్షానికి అడ్డంగా ఊగే ఏ క్షేత్రమైనా 180 డిగ్రీల తిప్పుడులో తలకిందులవుతుంది. కాబట్టి అది సున్నా. ఈ వాదనలో గోళం ఎంత పెద్దదో, దేనితో చేసిందో ఎక్కడా రాలేదు చూడండి. మైక్రాన్ గోళానికైనా, వెండి గోళానికైనా, రంగు పూసిన దానికైనా ముందుకీ వెనక్కీ చీకటే. ఫోటాన్ల భాషలో: వృత్తాకార ధ్రువణంలో ఉన్న (క్షేత్రం గుండ్రంగా తిరిగే) రెండు ఫోటాన్లు అక్షం వెంట రెండు యూనిట్ల కోణీయ ద్రవ్యవేగం తెస్తాయి, అదే అక్షం వెంట పోయే ఒక్క ఫోటాన్ ఒక యూనిట్‌కు మించి మోయలేదు, గుండ్రటి కణం మిగతాదాన్ని తీసుకోలేదు.

కాబట్టి మీ మొదటి అమరికలో లోపం లేదు, ఉండకూడని చోట చూశారు. నిజానికి ఎదురుగా ఏదైనా కనిపిస్తేనే కంగారు పడాలి. క్యువెట్ గోడలో పుట్టిందో, లెన్స్ మీద పుట్టిందో, కణాలు గుండ్రంగా లేకనో, ముద్దలు కట్టో వచ్చి ఉంటుంది.

చిన్న పాలిస్టైరీన్ లాంటి గోళం గురించి స్పష్టమైన సిద్ధాంతం 1999లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది: డడాప్, షాన్, ఐసెన్‌తాల్, హైన్జ్‌ల పని. అంతకు ముందే, 1996లో, ఐసెన్‌తాల్ బృందం నీళ్లలో తేలుతున్న మైక్రాన్ స్థాయి గోళాల ఉపరితలం నుంచి సెకండ్ హార్మోనిక్ కొలిచి చూపించింది. అప్పటిదాకా ఇలాంటి కణాల సమూహం నుంచి ఏమీ రాదనే అందరి నమ్మకం. లోహగోళాల సిద్ధాంతం ఇంకా పాతది, 1982లో జి.ఎస్. అగర్వాల్, ఎస్.ఎస్. ఝా రాశారు. అగర్వాల్ గారు అప్పుడు మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉండేవారు. ఈ విషయాన్ని పూర్తిగా పరాయిదిగా చూసే మన పిల్లలకు ఇది చెబుతుంటాను.

1999 నాటి సిద్ధాంతం చెప్పేది ఇది. చిన్న గోళంలో మిగిలే శేషాన్ని రెండు మూలాలుగా విడదీయవచ్చు. ఒకటి, లేజర్ ప్రయాణించే దిశలోనే ఊగే డైపోల్. రెండోది, లేజర్ పోలరైజేషన్ దిశలో, అంటే కాంతి క్షేత్రం ఊగే దిశలో సాగే క్వాడ్రపోల్. మామూలు స్కాటరింగ్‌లో డైపోల్ పోలరైజేషన్ వెంట ఊగుతుంది కదా, ఇక్కడ డైపోల్ ప్రయాణ దిశ వెంట తిరిగింది. ఆలస్యం ఆ దిశలోనే ఉంది కాబట్టి అది సహజమే. తన అక్షం వెంట ఏ డైపోలూ వెలుగు పంపదు, ఎదురుగా చీకటి అనే మాట ఇక్కడా నిలబడింది. డైపోల్ 90 డిగ్రీల దగ్గర బలంగా, క్వాడ్రపోల్ 45, 135 డిగ్రీల దగ్గర బలంగా ఉంటాయి. రెండూ కలిసినప్పుడు ముందు సగానికీ వెనక సగానికీ తేడా వస్తుంది.

మీకు ఇందులో పనికొచ్చే కిటుకు ఒకటుంది. లేజరూ డిటెక్టరూ ఉన్న తలం మీ టేబుల్ తలమే అనుకుందాం. లేజర్ పోలరైజేషన్‌ను నిలువుగా పెడితే, టేబుల్ తలంలో క్వాడ్రపోల్ ఏ వెలుగూ పంపదు, డైపోల్ ఒక్కటే మిగులుతుంది. పోలరైజేషన్‌ను అడ్డంగా తిప్పితే రెండూ కలుస్తాయి. ఈ రెండు కొలతలతో రెండు భాగాల బలాన్నీ విడిగా తీయవచ్చు. ఇంకో సంగతి: లేజర్ నిలువైనా అడ్డమైనా, గోళం నుంచి వచ్చే సెకండ్ హార్మోనిక్ టేబుల్ తలంలోనే, అంటే అడ్డంగానే ఊగాలి. నిలువుగా ఊగే వెలుగునే వదిలే నిలువు ఎనలైజర్‌లో గోళాల వాటా సున్నా. అక్కడ ఏమి కనిపించినా అది నీటి హైపర్ రాలీ, ఫ్లోరొసెన్స్ (పదార్థం కాంతిని మింగి వేరే రంగులో విడిచే వెలుగు), లేదా వెలుగు రెండు మూడు కణాలకు తగిలి దారి మరచిన భాగం. లేజర్‌ను 45 డిగ్రీలకు తిప్పితే మాత్రం నిలువులో కూడా నిజమైన సిగ్నల్ వస్తుంది, పొరబడకండి. రోజూ కొలత మొదలుపెట్టే ముందు లేజరూ ఎనలైజరూ రెండూ నిలువుగా పెట్టి, ఈ నిలువు-నిలువు కొలత చూడటం నాకు అలవాటు. అది పెరిగి ఉంటే ఆ రోజు డేటా మీద నమ్మకం పెట్టుకోను.

కణం పెద్దదవుతున్నకొద్దీ ఈ రెండు మూలాల బొమ్మ సరిపోదు, ఇంకా పై స్థాయి మూలాలు చేరుతాయి. ఫేజ్ తేడా బాగా పెరిగి, వెలుగు ముందు దిక్కుకు దగ్గరగా, అక్షానికి ఇరువైపులా రెండు కొమ్ముల్లా చేరుతుంది. 500 నానోమీటర్ల గోళాలకు ఆ కొమ్ములు అక్షం నుంచి ఇరవై ముప్పై డిగ్రీల లోపే ఉండవచ్చు, మైక్రాన్ గోళాలకు ఇంకా దగ్గర. 50, 100 నానోమీటర్ల కణాలకు 60 నుంచి 90 డిగ్రీల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు, పెద్ద నష్టం లేదు. పెద్ద గోళాలకు మాత్రం 90 దగ్గర పెట్టి “రావడం లేదు” అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఒక తిరిగే చేయి మీద డిటెక్టర్, గుండ్రటి క్యువెట్ ఉంటే ఈ బెడద ఉండదు. చతురస్రపు క్యువెట్‌లో 90 తప్ప మిగతా కోణాలకు గాజు వక్రీభవనం సవరించుకోవాలి.

మై సిద్ధాంతం సరిపోతుందా అన్నారు. 1908 నాటి ఆ సిద్ధాంతం లేజర్ క్షేత్రం గోళం లోపలా చుట్టూ ఎలా పరుచుకుంటుందో చెబుతుంది. ఇక్కడ అది సగం పనే. ఆ క్షేత్రం వర్గాన్ని ఉపరితలం మీద మూలంగా పెట్టి, 400 నానోమీటర్ల వెలుగు గోళంలోంచి ఎలా బయటపడుతుందో రెండోసారి పరిష్కరించాలి. పావ్ల్యుఖ్, హ్యూబ్నర్ 2004లో, ఆ తర్వాత డి బేర్, రోకే 2009లో దీన్ని పూర్తిగా రాశారు. అంత దూరం వెళ్లనక్కర్లేని సులువు దారి కూడా ఉంది: కణం కాంతిని వంచదనుకుని, ప్రతి మచ్చ నుంచీ వచ్చే వెలుగును ఫేజ్‌తో కూడటం. పాలిస్టైరీన్ వక్రీభవన గుణకం నీటికి సుమారు 1.2 రెట్లు. 100 నానోమీటర్ల వ్యాసానికి ఈ ఉజ్జాయింపు పరవాలేదు. 500కి వచ్చేసరికి గోళం గుండా వెళ్లే 400 నానోమీటర్ల వెలుగుకు ఫేజ్ రెండు రేడియన్లకు పైగా జరిగిపోతుంది, ఇక ఆ దారి పనికిరాదు. లోహానికి ఏ పరిమాణంలోనూ ఇది వాడకండి.

మీ సిగ్నల్ బలం గురించి ఒక మాట. ఒట్టి పాలిస్టైరీన్ ఉపరితలం స్పందన చాలా తక్కువ. పైగా ముందు చెప్పిన లోపలి క్వాడ్రపోల్ స్పందన దానితో కలిసిపోతుంది, విడదీయడం కష్టం. కొలంబియావాళ్లు మెలకైట్ గ్రీన్ అనే రంగు వాడింది అందుకే. ధనావేశం ఉన్న ఈ అణువు, రుణావేశం ఉన్న సల్ఫేట్ పాలిస్టైరీన్ ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుంటుంది. 400 దాటి కాస్త ముందుకు దానికొక శోషణ పట్టీ ఉంది, 800 దగ్గర రెండు ఫోటాన్లు కలిస్తే దాని చేరువకు వస్తాయి, స్పందన అనేక రెట్లు పెరుగుతుంది. ఒకే గోళం మీద వరసగా నిలబడ్డ అణువుల తరంగ పరిమితులు కూడతాయి కాబట్టి, కణాల సంఖ్య అంతే ఉంచి రంగు పూతను రెట్టింపు చేస్తే సిగ్నల్ నాలుగు రెట్లవుతుంది. ద్రావణంలో విడిగా తిరిగే రంగు అణువులకు ఆ సౌకర్యం లేదు. చేపల పెంపకంలో బూజు మందుగా వాడి, విషమని తేలాక తినే చేపలకు నిషేధించిన రంగు ఇదే. చేతికి తొడుగులు వేసుకోండి. ద్రావణాన్ని ఆమ్లం వైపు, పీహెచ్ నాలుగైదు దగ్గర ఉంచండి, క్షారం వైపు పోతే రంగు విరిగి తెల్లబడుతుంది. ఎక్కువ కలిపితే పుట్టిన 400 వెలుగును అదే మింగేస్తుంది కూడా.

వచ్చింది నిజంగా సెకండ్ హార్మోనికేనా అన్న పరీక్ష చాలామంది సగంలో ఆపేస్తారు. లేజర్ శక్తి రెట్టింపు చేస్తే సిగ్నల్ నాలుగు రెట్లయిందని గ్రాఫ్ వేసి సంతృప్తి పడతారు. రెండు ఫోటాన్ల ఫ్లోరొసెన్స్ కూడా నాలుగు రెట్లే పెరుగుతుంది. వర్గ సంబంధం తప్పనిసరి, కాని అదొక్కటే చాలదు. ఒక్కో తరంగదైర్ఘ్యాన్నే వదిలే మోనోక్రోమేటర్‌ను 380 నుంచి 450 దాకా నెమ్మదిగా తిప్పండి. సెకండ్ హార్మోనిక్ అయితే లేజర్ తరంగదైర్ఘ్యంలో సరిగ్గా సగం దగ్గర, లేజర్ పట్టీ వెడల్పుకు తగ్గ సన్నటి శిఖరం ఉంటుంది. లేజర్‌ను 800 నుంచి 820కి మారిస్తే ఆ శిఖరం 400 నుంచి 410కి జరగాలి. ఫ్లోరొసెన్స్ వెడల్పుగా పరుచుకుని, లేజర్ మారినా దాదాపు కదలకుండా ఉంటుంది. ఈ రెండో పరీక్ష చేయని డేటాను నేను రివ్యూలో ఒప్పుకోను.

పరికరాల వైపు చూసుకోవాల్సినవి కొన్నే. లేజర్ వచ్చే దారిలో అద్దాలు, లెన్స్‌లు అన్నీ తమ ఉపరితలాల మీద కాస్త 400 పుట్టిస్తాయి. అందుకే 800ని వదిలి 400ని ఆపే ఎర్ర గాజు లాంగ్‌పాస్ ఫిల్టర్ చివరి లెన్స్ తర్వాత, క్యువెట్‌కు ముందు ఉండాలి. తర్వాతి వైపు బీజీ-39 లాంటి నీలి ఫిల్టర్, మోనోక్రోమేటర్, ఫోటాన్లు లెక్కపెట్టే ఫోటోమల్టిప్లయర్. గోళాల నుంచి చెదిరిన 800 వెలుగు మీ సిగ్నల్‌కు ఎన్నో కోట్ల రెట్లు ఉంటుంది, ఒక్క ఫిల్టర్ మీద భారం వేయకండి. ద్రావణం పాలలా కనిపిస్తే కణాలు ఎక్కువైనట్టే. వెనక అక్షరాలు స్పష్టంగా చదవగలిగేంత పలచన చేయండి. లేజర్‌ను బిగించి ఫోకస్ చేస్తే నీళ్లలో అన్ని రంగులూ కలిసిన తెల్లటి కాంటిన్యుయమ్ పుట్టి అన్నిటినీ ముంచేస్తుంది. మూడు ఖాళీ కొలతలు తప్పవు: ఒట్టి నీరు, రంగు కలిపిన నీరు, రంగు లేని గోళాలు.

ఈ రద్దు సంగతి ఎంత పనికొస్తుందో చూపే ప్రయోగం ఒకటి చెప్పకుండా ఉండలేను. కొవ్వు పొరతో చేసిన బోలు గోళాలు, లైపోజోములు, వాటి మీదికి మెలకైట్ గ్రీన్ వదిలారు శ్రీవాస్తవ, ఐసెన్‌తాల్, 1998లో. రంగు బయటి ముఖానికి అంటగానే సిగ్నల్ ఎగిసింది. తర్వాత సెకన్ల మీద తగ్గుతూ వచ్చింది. రంగు ఎక్కడికీ పోలేదు, పొర దాటి లోపలి ముఖానికి అంటుకుంటోంది. అక్కడ అణువులు తలకిందులుగా నిలబడతాయి, రెండు ముఖాల మధ్య దూరం నాలుగైదు నానోమీటర్లే, ఫేజ్ తేడా లేదు, బయటివాటితో రద్దయిపోతాయి. సిగ్నల్ తగ్గే వేగమే అణువు పొర దాటే వేగం. తర్వాత టెంపుల్ విశ్వవిద్యాలయంలో హై-లుంగ్ డై బృందం ఇదే పద్ధతితో ఈ. కోలై బ్యాక్టీరియా బయటి పొరనూ లోపలి పొరనూ విడివిడిగా దాటే వేగాలు కొలిచింది. మీ ఇబ్బందికి మూలమైన రద్దే అక్కడ కొలబద్దగా మారింది.

ఇక బంగారం. సిగ్నల్ బాగా పెరుగుతుంది, అది నిజం. కాని సుఖమా అంటే, కాదు. బంగారు కణాల ప్లాస్మాన్ అనునాదం, అంటే లోహపు ఎలక్ట్రాన్లన్నీ కలిసి గట్టిగా ఊగే తరంగదైర్ఘ్యం, నీటిలో 520 దగ్గర ఉంటుంది. 1064 లేజర్‌తో పుట్టే 532కి అది బాగా దొరుకుతుంది, మీ 400కి దొరకదు. మీ లేజర్‌కు వెండి కణాలు నప్పుతాయి, వాటి అనునాదం 400 చుట్టుపక్కలే. ఇంకో చిక్కు, నిజమైన బంగారు కణాలు పాలిస్టైరీన్ అంత గుండ్రంగా ఉండవు. ముఖాలు, మూలలు ఉంటాయి. ఆకారం చెడితే ఎదురెదురు ముఖాల రద్దు ఆలస్యంతో పని లేకుండానే చెడుతుంది. అప్పుడు మిగిలేది వైశాల్యానికి అనులోమంగా ఉండి, తీవ్రత వ్యాసార్ధం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 2005లో లియోన్ నగరంలోని బ్రెవె బృందం చిన్న బంగారు కణాల్లో చూపించింది ఇదే. సిగ్నల్‌ను లేజర్ పోలరైజేషన్ కోణంతో గీస్తే చిన్న కణాల్లో రెండు రేకుల బొమ్మ వస్తుంది, పెద్దవాటిలో ఆలస్యం బలపడి నాలుగు రేకులు తొంగి చూస్తాయి. ‘చిన్న కణం’ అనే హద్దు ఎక్కడుందన్న దాని మీద బెంగళూరు ఐఐఎస్సీలో పుష్పేందు కుమార్ దాస్ బృందం కూడా పనిచేసింది. దీనికి తోడు బంగారానికి ఫ్లోరొసెన్స్ లాంటి వెడల్పాటి ఫోటోలూమినెసెన్స్ ఉంది, ఫెమ్టోసెకండ్ పల్సుల వేడికి కణాలు కరిగి ఆకారం మారడమూ ఉంది. కొలత ముందూ తర్వాతా శోషణ వర్ణపటం తీసి పోల్చుకోవాల్సిందే.

నేనైతే మీ స్థానంలో బంగారం జోలికి ఇప్పుడే పోను. 200 నానోమీటర్ల సల్ఫేట్ పాలిస్టైరీన్ తీసుకుని, మెలకైట్ గ్రీన్ పూసి, లేజర్ నిలువుగా, ఎనలైజర్ అడ్డంగా పెట్టి, 20 నుంచి 100 డిగ్రీల దాకా తిప్పి చూస్తాను. సిగ్నల్ ధారాళంగా ఉంటుంది, కోణీయ ఆకారం స్పష్టంగా దిగుతుంది. అది లెక్కతో కలిశాక 100కి, తర్వాత 50కి దిగండి, ఈసారి బరువు శాతం సమానంగా ఉంచి. నిలువు-నిలువు కొలత, మోనోక్రోమేటర్ స్కాన్ రెండూ తీశాక ఇక్కడ పెట్టండి. లేజర్ పల్స్ వెడల్పు, రిపిటీషన్ రేటు, ఫోకస్ లెన్స్ ఏదో కూడా రాయండి, అవి లేకుండా ఎన్ని కౌంట్లు రావాలో చెప్పడం కుదరదు.